అక్కడ వాట్సాప్ లేదు... ఇక్కడ వీచాట్ లేదు!

కోస్తాలో బత్తాయి అనే కాయను అనంతపురం వైపు చీనీకాయ అంటారు. శాస్త్రవేత్తలు పెట్టిన 'సిట్రస్ సినెన్సిస్' పేరుకూ అర్థం చైనాదనే. పట్టుబట్టకు మన పాత మాట చీనాంబరం. పొద్దున్నే గొంతులో పడే చాయ్ కూడా చైనావాళ్ల 'ఛా'కు చుట్టమే. పండూ బట్టా పానీయం అన్నీ వచ్చాయి. వాటిని పంపినవాళ్లతో మాట కలిపే భాష మాత్రం హిందూపురం, పెనుకొండ, ధర్మవరాల్లో వెతికినా దొరకడం కష్టం.

భాష వస్తే ఏమవుతుందో పెనుకొండ చూసింది. పక్కనే ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో ప్రారంభమైంది. ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేసే సామర్థ్యంతో వచ్చిన ఆ సంస్థ వెంట కొరియన్లు వచ్చారు, కొరియన్ భోజనశాలలు వచ్చాయి, రోడ్డు పక్కన కొరియన్ అక్షరాల బోర్డులు వెలిశాయి. నాలుగు కొరియన్ ముక్కలు వచ్చినవారికి విలువ పెరిగింది.

మరి చైనీస్ మాటేమిటి? హైదరాబాద్‌లోని ఇఫ్లూలో ఆ భాష నేర్పుతారు. చైనాలో ఎంబీబీఎస్ చదివే తెలుగు పిల్లలకూ అది తప్పదు. తరగతిలో పాఠం ఇంగ్లీషులో చెప్పినా, ఆసుపత్రిలో రోగి తన నొప్పి చెప్పుకునేది చైనీస్‌లోనే కదా! కోవిడ్‌తో 2020లో ఇళ్లకొచ్చిన ఆ విద్యార్థులు 2022 ఆగస్టు దాకా తిరిగి వెళ్లలేకపోయారు. ఆన్‌లైన్‌లో పాఠాలైతే విన్నారు. మాట్లాడటానికి ఎదురుగా మనిషే లేకపోయె!

ఉత్తరమే ఎందుకు?

ఈ రోజుల్లో కలం స్నేహమేమిటి, ఫోన్ లేదా అనిపించవచ్చు. చిక్కంతా అక్కడే. చైనాలో వాట్సాప్, జీమెయిల్ పనిచేయవు. వాళ్లంతా వాడే వీచాట్‌ను మన ప్రభుత్వం 2020 జూన్‌లో నిషేధించింది. రెండువైపులా చేతిలో ఫోనుంది, మధ్యలో దారి లేదు. మిగిలినవి రెండే. రెండు దేశాల్లోనూ తెరుచుకునే మామూలు ఈమెయిల్ ఒకటి, తపాలా పెట్టె మరొకటి.

ఉత్తరంలో ఇంకో లాభముంది. చైనీస్‌లో అక్షరమాల లేదు, ఉన్నవి బొమ్మల్లాంటి గుర్తులే. ఫోనులో ఇంగ్లీషు అక్షరాలు కొడితే గుర్తు అదే వస్తుంది, చేతికి మాత్రం అలవాటు కాదు. కాగితం మీద గీత గీతా రాస్తేనే గుర్తుంటుంది. ఉత్తరంతో రానిది ఉచ్చారణ. 'మా' అన్న ఒక్క మాటనే నాలుగు స్వరాల్లో పలికితే అమ్మ, జనపనార, గుర్రం, తిట్టడం అని నాలుగు అర్థాలు! అందుకని రాసిన ఉత్తరాన్నే చదివి, రికార్డు చేసి, ఈమెయిల్‌కు జతచేస్తే రెండు పనులూ అయిపోతాయి.

ఎలా మొదలుపెట్టాలి?

పిల్లలు సొంతంగా ఎవరినో వెతుక్కోవడం కంటే అధ్యాపకుడి నుంచి అధ్యాపకుడికి వెళ్లడం మేలు. ఇక్కడ చైనీస్ నేర్చుకునేవారికి జోడీ, అక్కడ ఇంగ్లీషు నేర్చుకునేవారు. పది జంటలు చాలు. వయసులు దగ్గరగా ఉండాలి. చైనాలో చదువుల ఏడాది సెప్టెంబరులో మొదలవుతుంది కాబట్టి తొలి ఉత్తరం అప్పుడు వేస్తే మంచిది. జనవరి, ఫిబ్రవరిలో వాళ్ల కొత్త సంవత్సరం సెలవులు. అప్పుడు జవాబు ఆలస్యమైతే కోపం తెచ్చుకోకూడదు.

ఉత్తరం సగం చైనీస్‌లో, సగం ఇంగ్లీషులో రాయాలి. తప్పులన్నీ ఎర్రసిరాతో దిద్దితే అవతలివారు మళ్లీ కలం పట్టరు. మూడే దిద్దాలి. మిగతావి వచ్చేసారికి!

అమ్మానాన్నలు గుర్తుంచుకోవాల్సినవీ ఉన్నాయి. చిరునామా కళాశాలదే ఇవ్వాలి, ఇంటిది వద్దు. ఫోన్ నంబరు, బ్యాంకు వివరాలు, డబ్బు మాట రాకూడదు. చిన్నపిల్లలైతే వచ్చే ఉత్తరం, వెళ్లే ఉత్తరం పెద్దల కంట పడాలి.

ఏం రాయాలి?

'బాగున్నావా, బాగున్నాను' మూడో ఉత్తరానికే అయిపోతుంది. ఇద్దరికీ నిజంగా తెలుసుకోవాలని ఉండే విషయం కావాలి. ఈ ప్రాంతానికి అది పట్టు.

ధర్మవరంలో నేతన్న కూతురు, హిందూపురం పక్క పల్లెలో పట్టుపురుగులు పెంచే రైతు కొడుకు ఒకే తరగతిలో చైనీస్ నేర్చుకుంటున్నారనుకుందాం. చైనా దారం పేరెత్తితే ఆ ఇద్దరి ఇళ్లలో మాటలు వేరు. పడుగుకు తెగని, సమంగా ఉండే దారం కావాలి, అది చవగ్గా రావాలని నేతన్న కోరిక. చవక దారం దిగితే హిందూపురం మార్కెట్లో తన గూళ్ల ధర పడిపోతుందని రైతు భయం. ముడిపట్టు మీద దిగుమతి సుంకాన్ని కేంద్రం 2011లో 30 నుంచి 5 శాతానికి దించింది, 2013లో 15 శాతానికి పెంచింది. దించినప్పుడు గుబులు రైతింట్లో, పెంచినప్పుడు నేతన్నింట్లో.

ఆ దారం అవతలి కొసన కూడా ఒక రైతిల్లే ఉంది. ప్రపంచంలో పట్టు ఎక్కువగా పండించేది చైనా, తర్వాత మనం. అక్కడ కూడా పట్టు ఒకచోట నిలవలేదు. ఫ్యాక్టరీలు పెరిగి, కూలి ధరలు పెరిగిన తూర్పు రాష్ట్రాల నుంచి దక్షిణాన గ్వాంగ్షీకి మల్బరీ తోటలు తరలిపోయాయి. 'మీ తాతయ్య వాళ్లు ఇంకా పురుగులు పెంచుతున్నారా? మీ నాన్నెందుకు మానేశారు?' అని ఇక్కడి పిల్ల అడిగితే వచ్చే జవాబు సుంకాల లెక్కల్లో దొరకదు.

శత్రువు భాషా?

2020లో గల్వాన్ ఘర్షణలో 20 మంది మన సైనికులు అమరులయ్యారు. ముసాయిదాలో ఉన్న చైనీస్ పేరు, అదే ఏడాది వచ్చిన జాతీయ విద్యా విధానంలో నేర్చుకోదగ్గ విదేశీ భాషల ఉదాహరణల నుంచి తప్పుకుంది. కొరియన్, జపనీస్ ఉన్నాయి. ఆ భాష మా పిల్లలకెందుకని తల్లిదండ్రులు జంకితే తప్పుపట్టలేం. కానీ ఐదేళ్లు ఆగిన నేరు విమానాలు 2025 అక్టోబరులో మళ్లీ ఎగిరాయి. స్నేహం ఉన్నా, తగవు ఉన్నా అవతలివాడు ఏమంటున్నాడో తెలిసినవాడు మన పక్షాన ఒకడుండాలి. దుబాసీ లేని బేరంలో నష్టపోయేది ఎవరో సంతలో తిరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

చాలా కలం స్నేహాలు తగవుతో కాదు, బద్ధకంతో ఆగిపోతాయి. ఎవరు ఏ తేదీన రాశారు, జవాబెప్పుడొచ్చింది అని అధ్యాపకుడు ఒక రిజిస్టరు పెడితే సగం గెలిచినట్లే. కవరు మీద అంటించే బిళ్ల ధరెంతో, ఎన్నాళ్లు పడుతుందో పోస్టాఫీసులో ముందే కనుక్కోండి. చిరునామా చైనీస్‌లోనూ రాసి, 'చైనా' అన్నది మాత్రం ఇంగ్లీషులో పెద్దక్షరాలతో రాయించండి. దాన్ని ముందు చదవాల్సింది మన ఊరి పోస్టల్ ఉద్యోగే మరి!