చెరువుకట్ట మీది బల్లలు



గత మాసమున కుండలో నీరు చల్లగా నుండు విధమును వ్రాసితిమి. ఆ కుండలోనికి నీరెచ్చటినుండి వచ్చునో ఈ మాసము వ్రాయవలసివచ్చినది.

మా యూరి చెరువును బాగుచేయుటకై యొక పటము సిద్ధమైనది. గ్రామసభ బడి వసారాలోనే జరిగినందున మా యింటివారు దాని నకలొకటి యింటికి గొనివచ్చిరి. కట్టమీద నడకదారి, సిమెంటు బల్లలు, దీపస్తంభములు, చుట్టును ఇనుపకంచె. చూచుటకు ముచ్చటగానే యున్నది. వెదకి వెదకి చూచితిమి గాని చాకిరేవు కానరాలేదు. పశువులు దిగు త్రోవయు లేదు. గంగమ్మకు పొంగలి పెట్టు వేపచెట్టు అరుగు కంచెకు వెలుపల బడినది. నాటి సాయంకాలము రేవునుండి వచ్చుచున్న పెద్దమ్మ నొకతెను పిలిచి చూపగా, ఆమె పటము నటునిటు త్రిప్పి, “బల్ల మీద కూసోని సూసేదానికి నీళ్లేవి అయివారమ్మా? పై కాలవ పూడి ఎన్నేండ్లాయెనో నీకు తెలుసునా తల్లీ?” అనెను. మాకు తెలియదు. సిగ్గుపడితిమి.

తెలియకపోవుటకు కారణము కొళాయి. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ తలకు దినమునకు 55 లీటర్ల నీరు లెక్కగట్టినది. బిందె చంకనెత్తు బాధ తప్పినందుకు మేము సంతోషించినవారమే. అయితే ఆ కొళాయికి నీరిచ్చు బోరు చెరువు క్రిందనే యున్నది. చెరువు ఎండిన యేట అదియు ఎండును. ఒక ఎకరమున అడుగులోతు నిలిచిన నీరు ఇంచుమించు 12 లక్షల 33 వేల లీటర్లు. వేయిమంది గల యూరికి తలకు 55 లీటర్ల చొప్పున అది 22 దినములు చాలును. (ఈ లెక్కను మా యింటివారు దిద్దలేదు, సరిగానే యున్నదనిరి.) ఒక ఎకరము వరి అంతకు మూడు నాలుగింతలు త్రాగును. చెరువు సగము నిండిన యేడు వరి మాని ఆరుతడి పైరు వేయవలెనని ఇంటిలో గట్టిగా చెప్పవలసినవారము మనమే.

మా తండ్రిగారు మాకు కావ్యములు చెప్పుచు ఒకనాడు పోరుమామిళ్ల శాసనమును చదివించిరి. 1369వ సంవత్సరమున బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు, భవదూరుడను నామాంతరము గలవాడు, అచ్చట అనంతరాజసాగరమను చెరువు కట్టించెను. వేయిమంది కూలీలు, రాళ్లకు నూరు బండ్లు, రెండేండ్ల పని. మంచి చెరువునకు పండ్రెండు సాధనములను ఆ శాసనము ఎన్నినది: గట్టిమన్ను గల నేల, తీయని నీటి యేరు, జలశాస్త్ర మెరిగిన బ్రాహ్మణుడు, నేర్పరులగు పనివాండ్రు మొదలగునవి. ఆ వేయిమంది కూలీలలో తట్ట మోసిన ఆడువారెందరో అందు వ్రాయలేదు. అది యటుండనిండు. ఆరు దోషములను గూడ చెప్పినది. కట్టనుండి నీరు ఊరుట, చవిటినేల, చెరువు నడుమ మిట్ట, నీరు కొంచెమై పొలము విస్తారమగుట, చోటు కొంచెమై నీరు మిక్కుటమగుట, ఇవి అయిదు. ఆరవది రెండు రాజ్యముల పొలిమేరలో చెరువుండుట.

ఈ పొలిమేర దోషమును చిన్ననాడు రాజుల కలహమనుకొంటిమి. ఇప్పుడు కన్నులార చూచితిమి. మావి గొలుసుకట్టు చెరువులు. పై యూరి చెరువు నిండి అలుగు పారిన (మా సీమలో మరువ యందురు) ఆ నీరు కాలువవెంట మా చెరువునకు, మా మరువ పారిన క్రింది యూరికి పోవును. ఊరికొక పటము గీచుకొనుటచే ఇరువురి నడుమనున్న కాలువ ఏ పటములోను లేకపోయినది. పూడిక తీయుట మంచిదే, ఆ యొండ్రు పొలములకు బలము. కాని తూము మట్టముకంటె క్రిందికి ఎంత త్రవ్వినను ఆ నీరు తనంతట పొలమునకు పారదు. పైనుండి చుక్క రానినాడు త్రవ్వియు ఫలమేమి?

ఒక ఆదివారము మేమెనమండుగురము కాలువ వెంబడి పైకి నడచితిమి. సగము దూరము సర్కారుతుమ్మ. ఆపైన కాలువలోనే ఇండ్లస్థలములకు నాటిన తెల్లని హద్దురాళ్లు! పై యూరి స్త్రీలతో మొరబెట్టుకొనగా వారిలో నొకతె, “మా మరువ తెగి మూడేండ్లాయె. మీ ఊరోళ్లు ఒక్క రాయన్నా ఎత్తినారా అక్కా?” అని అడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి.

తిరుపతి చెంతనున్న అవిలాల, పేరూరు చెరువుల స్థలమును ఇండ్లకిచ్చినప్పుడు ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు పోయినది. ఇట్టివి ప్రజలందరి సొత్తు, ప్రభుత్వము ధర్మకర్త వంటిదని 2006లో ఆ న్యాయస్థానము పలికినది. అప్పటికే కట్టిన ఇండ్లు కట్టినట్లే యున్నవి. హద్దురాళ్లు గోడలు కాకమునుపే పోవలెనని మా తొందర. రాజ్యాంగమునకు 1992లో జరిగిన 73వ సవరణ చిన్ననీటి వనరులను గ్రామపంచాయతీల కప్పగింపదగిన పనులలో చేర్చినది. మన పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలవి. ఆ స్థానములలో కూర్చున్నవారి భర్తలు మాటాడుట మాని వారే మాటాడినచో ఇంకను బాగుండును.

పై యూరివారు హద్దురాళ్లు తీయించుటకు మాతో కలిసి అర్జీ పెట్టుదుమనిరి. అందుకు మా యూరినుండి ఇంటికొకరు చొప్పున రెండు దినములు వారి మరువ పనికి రావలెనట. బల్లల సొమ్ము ఆ మరువకు మరల్చి, పటములో రేవును గుర్తింపుడని మేము విన్నపము వ్రాసి, సంతకములు, వ్రేలిముద్రలు కలిపి నలువదిమూడు చేర్చితిమి. పెద్దలింకను సరేయనలేదు. సభ మాఘమాసమునకు వాయిదా పడినది. పెద్దమ్మ మాత్రము రేవునకు పనికివచ్చు చదునురాళ్లను ఏరి వేపచెట్టు క్రింద పేర్చుచున్నది.