మోటారుబండిలోని అద్దపుతెర

జర్మనీదేశమునందలి కార్ల్స్‌రూహె నగరపు ఉన్నత న్యాయస్థానము 2020వ సంవత్సరము మార్చి నెలలో నొక చిన్న వ్యాజ్యమును పరిష్కరించినది. జుల్మానా స్వల్పమే గాని విషయము మనవారెల్లరును దెలిసికొనదగినది. ఒకానొకడు టెస్లా కారు నడుపుకొనుచు పోవుచుండగా పెద్దవాన పట్టుకొనెను. ముందరి అద్దమును దుడుచు వైపరుల వేగమును సవరింపవలెనన్న ఆ బండిలో ప్రక్కన నమర్చిన తెరమీద వ్రేలితో వెదకి మార్చుకొనవలెను. అత డట్లు వెదకుచుండగా బండి రోడ్డు విడిచి చెట్లకు గొట్టుకొనెను. క్రింది న్యాయస్థానము 200 యూరోల జుల్మానాను, ఒక నెల బండి నడుపరాదను నిషేధమును విధించెను. బండిలోనే బిగించిన భాగమును పరికర మనవచ్చునా, వాననీరు తుడుచుకొనుట నేరమగునా యన్నది ప్రశ్న. బిగించినదైనను విద్యుత్పరికరమే యనియు, దేనికొఱకు ముట్టినాడన్నది ప్రధానము గాదనియు, రోడ్డును రద్దీని వాతావరణమును బట్టి క్షణకాలము చూచుటకు మించి కన్ను మరల్పరాదనియు పై న్యాయస్థానము తీర్పు చెప్పి శిక్షను ఖాయపఱచినది.

తీర్పు ధర్మమే. కాని మాకొక సందేహము మిగిలినది. వాన కురియువేళ కావలసిన సాధనమును తెరలో దాచినవా డెవడు? అతడు బోనులో నిలువలేదు.

మన శాసన మింతవఱకైనను రాలేదు. 1988 నాటి మోటారువాహనముల చట్టపు 184వ విభాగమునకు 2019లో చేర్చిన వివరణము ననుసరించి, బండి నడుపుచు చేతబట్టిన సమాచారసాధనమును వాడుట ప్రమాదకరమగు నడకగా నెంచబడును. మొదటి తప్పునకు ఆరునెలలు మొదలు ఏడాది వఱకు ఖైదు, లేక 1,000 మొదలు 5,000 రూపాయల వఱకు జుల్మానా, లేక రెండును. త్రోవ చూచుకొనుటకు మాత్రము, నడుపువాని యేకాగ్రతకు భంగము గలుగని రీతిని, దానిని వాడవచ్చునని 2020లో నిబంధనలు సవరించిరి. 'చేతబట్టిన' అను నా యొక్క విశేషణమే మా ఫిర్యాదు. డాష్‌బోర్డులో బిగించిన పది యంగుళముల తెర చేతబట్టినది గాదు. విభాగములోని సామాన్యపదముల క్రిందికి దానిని తేవచ్చు నందురా, అప్పుడు నడక ప్రమాదకరమైనదని వేఱుగా రుజువు కావలెను. చేతిలో చిన్న ఫోను గలవాడు దోషి. పెద్ద తెరమీద పాటలు వెదకువాడు పెద్దమనిషి!

ప్రమాదము కంటిలోను మనస్సులోను నుండగా చట్టము చేతిని బట్టుకొని కూర్చున్నది. 1997లో రెడెల్మయర్, టిబ్షిరానీ యను పండితులు కెనడాలోని టొరాంటో నగరమున 699 మంది నడుపువారి టెలిఫోను లెక్కలు పరిశీలించి, ఫోను వాడునపుడు ప్రమాదభయము రమారమి నాలుగురె ట్లగుననియు, చేతులతో ముట్టనక్కఱలేని ఫోనులవలన మే లేమియు గానరాలేదనియు ప్రకటించిరి. తరువాత యూటా విశ్వవిద్యాలయమున డేవిడ్ స్ట్రేయర్ మొదలగువారు చేసిన పరీక్షలలో, సంభాషణలో మునిగినవానికి కన్ను రోడ్డుమీదనే యున్నను ఎదుటి వస్తువు మనస్సున కెక్కదని తేలినది. ప్రక్కన గూర్చున్న మిత్రుడు ఎదుట లారీని జూచి తానే మాట ఆపును. ఫోనులోని మిత్రునికి లారీ కనబడదు. మన యిండ్లలో మాత్రము, బండిమీద నున్నవాడు ఫో నెత్తకున్న నలుగుచున్నాము.

ఎడ్లబండివాడు కునుకు తీసినను ఎద్దులు త్రోవ యెఱిగి యిల్లు చేర్చెడివి. కారుకు ఎద్దుల కన్నులు లేవు. గంటకు 80 కిలోమీటర్ల వేగమున బోవు బండి రెండు సెకనులలో 44 మీటర్లు పోవును. అమెరికా రోడ్డుభద్రతా శాఖ 2013లో వెలువరించిన సూచనలలో, తెరపై ఒక్కొక్క చూపు రెండు సెకనులను, ఒక్కొక్క పని మొత్తముమీద పండ్రెండు సెకనులను మించరాదనిరి. పాటించుట కంపెనీల యిష్టము. విజయవాడనుండి హైదరాబాదుకు బోవు రోడ్డుమీద ఆ 44 మీటర్లలో నేమేమి యుండవచ్చునో మన పాఠకులకు జెప్పనేల? వెనుకదీపము లేని ట్రాక్టరు, ఎదురుదారిని వచ్చు మోటారుసైకిలు, పొలమునుండి రోడ్డెక్కు గేదె, బడి విడిచి వచ్చు పిల్ల. అమెరికావారి రెండు సెకనుల కొలత మనకు పనికిరాదు. 2022లో మనదేశపు రోడ్లమీద 1,68,491 మంది మరణించిరని కేంద్రప్రభుత్వపు లెక్క. ప్రథమ సమాచారపత్రమున అతివేగమని వ్రాయుట సులభము. చూపు మరలినదని చెప్పుటకు సాక్షి దొరకడు.

ఇక కూలికి నడుపువాని సంగతి. మొన్న హైదరాబాదులో మే మద్దెకారులో బోవుచుండగా నడుపువాని యెదుటి ఫోను మాటిమాటికి మ్రోగినది. మేము దిగకమునుపే తరువాతి బాడుగ తెరమీద గనబడును; కొలది సెకనులలో వ్రేలు పెట్టనిచో నది మఱియొకని పాలగును. "బండి ఆపి చూచుకోరాదా, నాయనా?" అని యడిగితిమి. "ఆపితే బాడుగ పోతుందండి. నెలాఖరుకు బండి కిస్తీ ఎవరు కడతారండి?" అని బదులు చెప్పెను. మాకు జవాబు తోచలేదు. పోలీసులు పట్టుకొనిన జుల్మానా యాతనిదే. పరుగెత్తుచున్న బండిలోనికి బేరమును పంపిన కంపెనీకి నోటీసైనను రాదు. బండి యెక్కడ నున్నది, ఎంత వేగమున బోవుచున్నది వారికి క్షణక్షణము తెలియుచునే యున్నది. ఆగువఱకు బేరమును నిలిపియుంచుట వారికి కష్టమా?

ఐరోపాలో కార్లను పరీక్షించి నక్షత్రము లిచ్చు యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2026 నుండి క్రొత్త నియమమును బెట్టినది. మలుపుదీపములు, ఆపద్దీపములు, హారన్, వైపరులు, అత్యవసరపు పిలుపు, ఈ యైదింటికిని చేతికి దగులు మీటలుగాని గుండీలుగాని లేనిచో మార్కులు తగ్గును. మనకును 2023లో భారత్ ఎన్‌క్యాప్ ఏర్పడినది. అందులో నీ నియమమును జేర్చుటకు పార్లమెంటు కూడ నక్కఱలేదు. 'చేతబట్టిన' అను మాటను దీసివేయుటకు మాత్రము పార్లమెంటు కావలెను; ఆంధ్ర, తెలంగాణ సభ్యులలో నొక్కరైనను సవరణబిల్లు దేవచ్చును. బాడుగ కంపెనీలకు 93వ విభాగము క్రింద లైసెన్సులిచ్చు అధికారము రాష్ట్రములది. బండి కదలుచుండగా క్రొత్త బేరమును తెరపై జూపరాదను షరతును అమరావతి, హైదరాబాదు ప్రభుత్వములు ఆ లైసెన్సులలో నెన్నడు వ్రాయునో మంత్రులు ప్రజలకు జెప్పవలెను.