చక్రం ఆపినోళ్లకు దక్కిన బహుమానం

నాయకుడంటే ముందు నడిచేటోడా, ముందు సీట్లో కూర్చునేటోడా? ఈ ముచ్చట సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఆర్టీసీ డిపోల కార్మికులను అడగాలి.

2011 సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైంది. 42 రోజులు సాగిన ఆ సమ్మెలోకి ఆర్టీసీ కార్మికులు దిగేసరికి తెలంగాణలో చక్రం ఆగింది. జీతం పోతుందని తెలిసే దిగారు. నాయకుని మాట నమ్మి దిగారు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. నాయకుడు కేసీఆర్ ముఖ్యమంత్రి అయ్యారు.

2019 అక్టోబర్ 5న అదే కార్మికులు, దాదాపు 48 వేల మంది, సంస్థను ప్రభుత్వంలో కలపాలని సమ్మె చేశారు. దక్కిన జవాబేంది? 'సెల్ఫ్ డిస్మిస్'! ఎవరి ఉద్యోగం వాళ్లే తీసేసుకున్నారట! పనిచేసిన సెప్టెంబర్ జీతమూ ఆపారు. ఖమ్మంలో ఒక డ్రైవర్ ఒంటికి నిప్పంటించుకొని ప్రాణం విడిచాడు.

ఓట్లు పడలేదా అని అడిగేవాళ్లున్నారు. పడ్డాయి. సమ్మె నడుస్తుండగానే కోదాడ పక్కనున్న హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో అధికార పార్టీ 43 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచింది. కానీ ఓటు వేరు, గౌరవం వేరు. ఓటు ఒక్క రోజు పని. గౌరవం కష్టకాలంలో పక్కన నిలబడితేనే దక్కుతుంది.

52 రోజుల తర్వాత కార్మికులను మళ్లీ పనిలోకి తీసుకున్నారు, వరాలూ ప్రకటించారు. తిట్టిన నోటితో పెట్టిన అన్నం ఒంటబడుతుందా? 2019లో అసాధ్యమన్న విలీనం 2023 ఆగస్టులో, ఎన్నికల ముంగిట, బిల్లుగా ఎట్లా సాధ్యమైంది? ఒక్క డిమాండూ సాధించకుండా సమ్మె విరమించిన యూనియన్ నాయకులూ కార్మికులకు జవాబు చెప్పాలి.

మన గడ్డకు నాయకత్వం కొత్త కాదు. కరివిరాలలో భూస్వామి ఇంట పుట్టిన భీమిరెడ్డి నర్సింహారెడ్డి సాయుధ పోరులో తానే తుపాకి పట్టారు. చెల్లెలు మల్లు స్వరాజ్యం కూడా దళంలో నడిచారు. కార్యకర్తకు వచ్చిన ఆపద తమ ఇంటికీ రానిచ్చారు. అందుకే 1971, 1984, 1991లో మిర్యాలగూడ ఆయనను పార్లమెంటుకు పంపింది.

కుర్చీ మారింది, మనుషులు మారారు. పరీక్ష మాత్రం మారలేదు. ఉద్యోగులారా, విద్యార్థులారా! మన ముందుకొచ్చే ప్రతి నాయకుణ్ణీ ఒక్కటే అడుగుదాం: రేపు మేం నీ ఎదుట సమ్మెకు కూర్చుంటే, మమ్మల్ని ఏమని పిలుస్తావ్?