ఎలర్జీ పేరిట పిల్లల కంచాన్ని కుదించవచ్చునా?

నేడు ఏ ఇంట చూచినా 'ఎలర్జీ' అన్న మాట వినబడుతున్నది. పాలు త్రాగితే కడుపుబ్బరం, వంకాయ తింటే దురద, పెరుగు వేసుకుంటే జలుబు – అన్నింటికీ అదే పేరు. ఒక్కొక్క పదార్థమే మాన్పించగా కొందరు పిల్లల కంచంలో చారన్నమే మిగులుతున్నది. దీనివలన మేలుకన్న కీడే ఎక్కువని నా అభిప్రాయం.

పాలలోని చక్కెరను అరిగించే లాక్టేజు అనే ఎంజైము తగ్గినవారికి ఉబ్బరం, విరేచనాలు కలుగుతాయి. అది జీర్ణశక్తి లోపమే గాని ఎలర్జీ కాదు. అట్టివారిలో చాలామందికి పెరుగు, మజ్జిగ సరిపడతాయి. నిజమైన ఎలర్జీలో దేహరక్షణ వ్యవస్థ ఆహారంలోని మాంసకృత్తులను శత్రువులుగా ఎంచి ఎదిరిస్తుంది.

ఏ ఆహారాన్ని సహించాలో ఆ వ్యవస్థ నేర్చుకొనే ముఖ్యస్థానం ప్రేగులే. అక్కడి సూక్ష్మజీవులు కూరలు, పప్పులలోని పీచును పులియబెట్టి ప్రేగుల లోపలి పొరకు పోషణనిస్తాయి. చరకుడు గ్రహణిని అగ్నికి స్థానమన్నాడు. అలవాటుచేత దేహానికి హితమైనదానిని 'ఓకసాత్మ్యం' అన్నాడు. రెండు శాస్త్రాలూ ఒకటేనని నేననను. కాని దేహం ఆహారానికి అలవాటుపడుతుందన్న ఎరుక రెండింటా ఉన్నది.

ఎలర్జీ ముప్పున్న పిల్లలకు మూడేళ్ళ వరకు వేరుసెనగ పెట్టరాదని 2000లో అమెరికా శిశువైద్యుల అకాడమీ సలహా ఇచ్చి, 2008లో విరమించుకొన్నది. 2015లో వెలువడిన లండను పరిశోధనలో తీవ్రమైన తామరగాని, గుడ్డు ఎలర్జీగాని ఉన్న 640 మంది పసివారిని ముందుగా పరీక్షించి రెండు జట్లుగా చేశారు. ఐదేళ్ళ వయసుకు, వేరుసెనగ మాన్పించినవారిలో 17.2 శాతం మందికి ఆ ఎలర్జీ రాగా, తినిపించినవారిలో 3.2 శాతం మందికే వచ్చింది.

కనుక ఆరవ నెల అన్నప్రాశన తరువాత పాలబువ్వతోనే నెలలు గడపక, పప్పు, కూర, మెత్తగా నూరిన వేరుసెనగ ఒక్కొక్కటిగా అలవాటు చేయడం మంచిది. గింజలు మాత్రం పెట్టరాదు; గొంతుకు అడ్డుపడతాయి. తీవ్రమైన తామర ఉన్న బిడ్డకు వైద్యుని అడిగిన తరువాతే వేరుసెనగ మొదలుపెట్టాలి.

ఎలర్జీ నిర్ధారణ అయిన పదార్థాన్ని ఇంట్లో 'అలవాటు చేసే' సాహసం వలదు. పెదవులు, నాలుక వాచి, ఊపిరాడకపోతే కషాయాలతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. అప్పుడు ప్రాణం నిలిపేది ఎడ్రినలిన్ ఇంజెక్షనే. వాము, జీలకర్ర అజీర్ణానికి ఉపకరిస్తాయి. ఈ ఆపదకు కాదు.

బిడ్డ ఏమి తిన్నాడు, ఎంతసేపటికి ఏమి కలిగింది – ఈ రెండూ వ్రాసి వైద్యునికి చూపండి. ఆ తరువాతనే ఏ పదార్థమైనా మాన్పించండి.