గ్రంథాలయమున చలనచిత్రములు: వేనిని కొనవలెను?

గ్రంథాలయమునకు కొంత సొమ్ము సమకూరినప్పుడు ఏ పుస్తకములు కొనవలెనను చర్చ పుట్టుట సహజము. ఈ మధ్య దానితోపాటు మరియొక ప్రశ్నయు వినవచ్చుచున్నది. చలనచిత్రములు గ్రంథాలయపు బీరువాలో నుండదగునా? ఉండదగినచో వేనిని కొనవలెను? మార్కాపురము, గిద్దలూరు, కంభము వంటి మన ఊళ్లకు ఇది చిన్న ప్రశ్న కాదు. ఇచ్చట గ్రంథాలయమునకు వచ్చు సొమ్ము స్వల్పము. వచ్చు స్త్రీలు అంతకంటెను స్వల్పము.

ఆ సొమ్మెవరిదో మొదట తెలిసికొందము. 1960వ సంవత్సరపు గ్రంథాలయముల చట్టము ననుసరించి, ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయపు పన్ను చేరుచున్నది. కావున పెంకుటింటి ముసలమ్మయు, పలకల కార్ఖానాలో రాయి కోసి చేతులు కాయలు గాచిన యిల్లాలును ఈ పన్ను చెల్లించువారే. మార్కాపురపు పలకలమీద ఎన్నెన్ని జిల్లాల పిల్లలో ఓనమాలు దిద్దుకొనిరి. ఆ పలకలకు చెక్క చట్రము బిగించిన స్త్రీలలో అక్షరము నేర్వనివారును కలరు. వారి సొమ్ము తీసికొని, వారు చదువలేని వస్తువులు మాత్రమే కొని పెట్టుట న్యాయమగునా?

గ్రంథాలయ శాస్త్రమునకు ఆద్యుడైన రంగనాథన్ గారు 1931లో ఐదు సూత్రములు ప్రకటించిరి. ప్రతి పాఠకునికి అతనికి తగిన పుస్తకముండవలెననుట అందు రెండవది. చదువురానివారికి తగిన పుస్తకమేది? వినునది, కనునది. పురాణశ్రవణము, తోలుబొమ్మలాట, హరికథ మన పల్లెలలో ఆ పని చేసినవి. ఆ వరుసలోనే చలనచిత్రమును నిలుపుట తప్పుగాదని నా తలంపు.

“అట్లయిన వ్యవసాయము, ఆరోగ్యము, పొదుపు బోధించు చిత్రములు కొనుడు, వినోదచిత్రము లెందులకు?” అని కొందరు పెద్దలందురు. బోధచిత్రములు వలదని నేననను. కాని మన ఆలంకారికులు హితవు చెప్పు తీరులు మూడని విభజించిరి గదా! వేదము ప్రభువువలె శాసించును, పురాణము మిత్రునివలె నచ్చజెప్పును, కావ్యము ప్రియురాలివలె మనసు కరగించి చెప్పును. పగలెల్ల పనిచేసి వచ్చిన స్త్రీని బల్లపై కూర్చుండబెట్టి శాసించినచో ఆమె కునుకు తీయును. నవ్వించి, కన్నీరు పెట్టించి చెప్పిన మాట ఇంటిదాక వెంటవచ్చును. వినోదము తక్కువ వస్తువు కాదు. మంచి వినోదము దొరకుటయే కష్టము.

మా యింట బడిపంతులు జీతముపై సంసారము నడచును గనుక, కొలది సొమ్మును పంచుకొనుట నాకు పరిచితమైన విద్య. ముప్పది చిత్రములకు మాత్రమే వీలున్నదనుకొందము. ఒక్క జాతివే కొన్నచో ఒక్క జాతివారే వత్తురు. భరతముని నాట్యమునకు ఎనిమిది రసములు చెప్పగా, పిదపవారు శాంతమును చేర్చి తొమ్మిది చేసిరి. వంటలో షడ్రుచులవలె బీరువాలో రసములు కలిసియుండవలెను.

పౌరాణికములు మూడు చాలును. 1957 నాటి ‘మాయాబజార్’, 1963లో వచ్చిన ‘నర్తనశాల’, ‘లవకుశ’ ఎన్నదగినవి. ‘లవకుశ’ తెలుగులో తొలి సంపూర్ణ వర్ణచిత్రము. పౌరాణికములనినంతనే ఇరువది కొనదలచువారు మన ఊళ్లలో పెక్కుమంది కలరు. భక్తి మెచ్చదగినదే, కాని ముప్పదిలో ఇరువది పౌరాణికములైనచో బడిపిల్ల ఎచ్చటికి పోవలెను? అద్భుతమునకు మూడు: 1951 నాటి ‘పాతాళభైరవి’, 1991లో కాలయంత్రమెక్కించి మనలను శ్రీకృష్ణదేవరాయల సభకు గొనిపోయిన ‘ఆదిత్య 369’, 2012లో ఒక ఈగను కథానాయకునిగా జేసిన ‘ఈగ’. విజయనగర కాలపు కంభము చెరువు ప్రక్కన నివసించు పిల్లలకు రాయల సభ చూపుట చరిత్రపాఠమునకు మంచి పీఠిక యగును.

హాస్యమునకు ఆరు చోట్లు ఇత్తును. నవ్వు కరవైన యిండ్లే మెండు. ‘పెళ్ళిచేసి చూడు’ 1952లో వరకట్నమును నవ్వుచునే ఎత్తిపొడిచినది. 1955 నాటి ‘మిస్సమ్మ’లో బడిపంతులు పనికొరకు ఒక హిందూ యువకుడు, ఒక క్రైస్తవ యువతి భార్యాభర్తలమని నటింతురు, ఉద్యోగము దొరకక తిరుగు చదువరుల బాధ నేటికిని మారలేదు గదా! 1962 నాటి ‘గుండమ్మకథ’, 1987 నాటి ‘అహ నా పెళ్ళంట’ ఈ వరుసలోనివే. తక్కిన రెండును ఊరి స్త్రీలనడిగి కొనవలెను.

కరుణమునకును కుటుంబకథలకును ఆరు. 1951 నాటి ‘మల్లీశ్వరి’, 1953 నాటి ‘దేవదాసు’, 1964 నాటి ‘మూగమనసులు’, 1986 నాటి ‘స్వాతిముత్యం’ ముందు వరుసలోనివి. 1973లో విజయనిర్మలగారు తెలుగులో తొలిసారి దర్శకత్వము వహించిన ‘మీనా’ యద్దనపూడి సులోచనారాణిగారి నవలనుండి పుట్టినది. అది రచయిత్రియు దర్శకురాలును స్త్రీలే యైన చిత్రము. అంతకు పూర్వమే, 1953లో భానుమతిగారు ‘చండీరాణి’కిని, 1968లో సావిత్రిగారు ‘చిన్నారి పాపలు’కును దర్శకత్వము వహించిరి. తెరమీద కనబడు స్త్రీ, తెరవెనుక చిత్రమును నడిపిన స్త్రీ, ఇరువురును ఉన్నారని మన బాలికలకు తెలియవలెను గనుక, ప్రతులు దొరకినచో వీనిని విడువరాదు.

సంఘచిత్రములు నాలుగు. అస్పృశ్యతను ఎదిరించిన ‘మాలపిల్ల’ 1938లోను, కాళ్ళకూరి నారాయణరావుగారి నాటకమునుండి తీసిన ‘వరవిక్రయము’ 1939లోను వచ్చెను. నిజాముపాలన నాటి తెలంగాణపు రైతుపోరును చూపిన ‘మా భూమి’ 1979 నాటిది. ఒంగోలు ప్రాంతమువాడైన టి. కృష్ణ 1985లో తీసిన ‘ప్రతిఘటన’ నాలుగవది. నడివీథిలో అవమానింపబడిన అధ్యాపకురాలి కథ యది, రౌద్రమునకు నిదర్శనము. అది పిల్లలకు కాదు. కాని వయసువచ్చిన స్త్రీలు కూడి చూచి, చూచిన పిమ్మట మాటలాడుకొనవలసిన చిత్రము.

సంగీతనృత్యములకు రెండు: ‘శంకరాభరణం’, 1980, ‘సాగరసంగమం’, 1983. భయానకమునకు ఒక్కటి: అడవిలోని మరణముల రహస్యమును వెదకు ‘అన్వేషణ’, 1985, నల్లమల యంచున నుండువారికి అడవి క్రొత్త కాదు, ఉత్కంఠ క్రొత్త. పిల్లలకు మూడు: ‘పాపం పసివాడు’, 1972, ‘లిటిల్ సోల్జర్స్’, 1996, మూడవది పిల్లలే ఎన్నుకొందురు గాక. ఈనాటి జీవితమునకు రెండు: ‘కేరాఫ్ కంచరపాలెం’, 2018, ‘బలగం’, 2023. మొత్తము ముప్పది.

ఇప్పుడు అసలు చిక్కునకు వత్తును. పేరుపొందిన వినోదచిత్రములలో గూడ భార్యను కొట్టుట హాస్యముగా చూపబడుచున్నది. వలదన్న పిల్లను వెంటాడి వేధించుట ప్రేమయని పాటలతో అలంకరింపబడుచున్నది. ఆ పాట చూచి పెరిగిన పిల్లవాడు రేపు కళాశాల త్రోవలో మన పిల్లను వెంబడించినచో ఏమనవలెను? “ఇది సినిమా మాత్రమే” యన్న సమాధానము వీథిలో నిలుచున్న పిల్లకు రక్ష కాదు. బస్సెక్కి పొరుగూరి కళాశాలకు పోవు పిల్లను ఈ బెదురుచే చదువు మాన్పించిన యిండ్లను మీరు నెరుగుదురు.

అట్లని ప్రతి చిత్రమును కత్తెరతో పరీక్షింపవలెనని నా మతము కాదు. అట్లయిన మన ప్రబంధములలో మిగులునవెన్ని? పాత చిత్రము తన కాలపు దోషముతో వచ్చును. ఆ దోషమును గుర్తించుచు చూచుటయు ఒక చదువే. అయితే నిషేధించుట వేరు, ప్రజల సొమ్ముతో ముందు పీట వేయుట వేరు. ముప్పది స్థానములే యున్నప్పుడు ఒక్కొక్క చిత్రమును మూడు ప్రశ్నలడుగుదము. ఇందలి స్త్రీకి తన మాట యొకటి కలదా, లేక ఆమె పాటకును కన్నీటికిని మాత్రమేనా? దుష్టకార్యమునకు చిత్రము జయజయధ్వానము చేయుచున్నదా, లేక దానిని దుష్టమని చూపుచున్నదా? కూతురి ప్రక్కన కూర్చుండి చూచి, ముగిసిన పిమ్మట ఆమెతో దానిని గూర్చి మాటలాడగలమా? మూడవ ప్రశ్న అన్నిటికంటె ముఖ్యము. ‘ప్రతిఘటన’లో ఘోరమున్నది, కాని పెద్దదైన కూతురితో దానిని గూర్చి మాటలాడవచ్చును. ఏ ఘోరమును లేని కొన్ని చిత్రములను గూర్చి మాటలాడుటకే ఏమియు నుండదు.

ఈ ఎన్నిక ఎవరు చేయవలెను? ఒక్క గ్రంథాలయాధికారియో, నలుగురు పెద్దమనుష్యులో చేయరాదు. ఎన్నికసంఘమున సగముమంది స్త్రీలుండవలెను; వారిలో ఒకరు ఉద్యోగిని, ఒకరు కూలిపనికి పోవునామె, ఒకరు చదువుకొను పిల్ల కావలెను. పదవ తరగతి పిల్ల చెప్పు పేరు మనకు నచ్చకపోవచ్చును. నచ్చదని వినకుండుట తగదు.

కార్యక్రమ విషయములు కొన్ని. సెన్సారు పత్రమును తప్పక చూడవలెను. 2023 నాటి చట్టసవరణతో పెద్దల తోడుతో చూడదగినవానిని ఏడు, పదమూడు, పదునారు సంవత్సరముల వయస్సులనుబట్టి మూడు తరగతులుగా విభజించిరి. పాత చిత్రములపై ఈ గుర్తులుండవు గనుక, సంఘమువారే చూచి వయస్సును వ్రాసి అంటింపవలెను. ప్రతి పూర్తి నిడివిదో, పాటలు కత్తిరించినదో కొనకముందే విచారింపవలెను. చెవులు వినబడనివారికొరకు క్రింద అక్షరములున్న ప్రతి దొరకినచో అదియే మేలు. వీడియో కాసెట్టులు పోయినవి, సీడీలు పోయినవి, డీవీడీ యంత్రములును అరుదగుచున్నవి; కావున ఏ రూపమున కొన్నను దానిని నడుపు యంత్రమును జాగ్రత్తచేయవలెను. నెలచందాపై ఇంట చూచు ఏర్పాటులు గృహస్థులకొరకైనవి. వానిని నమ్ముకొని గ్రంథాలయపు సేకరణ కట్టరాదు. చందా ఆగిననాడు బీరువా ఖాళీ.

హక్కుల సంగతి మరువరాదు. 2023లో ‘బలగం’ వచ్చినప్పుడు తెలంగాణ పల్లెలలో నడివీథిని తెరగట్టి, ఊరంతయు కూడి చూచి కంటతడిపెట్టెను. విడిపోయిన అన్నదమ్ములు దానిని చూచి కలిసిరని పత్రికలు వ్రాసినవి. అది ముచ్చటయైన సంగతియే. కాని అనుమతి లేని ప్రదర్శనయా యను ప్రశ్నయు అప్పుడే లేచినది. ఇంట చూచుటకు కొన్న ప్రతిని పదిమందికి ప్రదర్శించుటకు హక్కుదారుల అనుమతి వేరుగా కావలెను. మన చట్టమున చలనచిత్రమునకు హక్కు విడుదలయైన మరుసటి సంవత్సరమునుండి అరువది యేండ్లు. ఆ లెక్కను ‘మిస్సమ్మ’, ‘నర్తనశాల’ వంటివానికి గడువు తీరినది. అయినను 2010లో రంగులద్ది విడుదలచేసిన ‘మాయాబజార్’ వంటి క్రొత్త ప్రతుల సంగతి విడిగా విచారింపవలెను. సర్కారు సంస్థ దొంగప్రతి నుంచినచో పిల్లలకు మనము నేర్పునదేమి?

చివరకు ఒక కోరిక. చిత్రము ప్రక్కన దాని మూలగ్రంథము నుంచుడు. ‘దేవదాసు’ ప్రక్కన శరత్ బాబుగారి నవల, ‘వరవిక్రయము’ ప్రక్కన కాళ్ళకూరివారి నాటకము, ‘మీనా’ ప్రక్కన యద్దనపూడివారి నవల. బొమ్మకై వచ్చిన పిల్ల పుస్తకమును తీసికొని పోవును. చదువురాని తల్లి ఆ పుస్తకమును కూతురిచేత చదివించుకొనును. ఆదివారము మధ్యాహ్నము రెండు గంటలు స్త్రీలకని కేటాయించినచో, ఇంతవరకు గ్రంథాలయపు గడప త్రొక్కని యిల్లాండ్రు త్రొక్కుదురు.

కాబట్టి సోదరీమణులారా! ఈ నెల మీ ఊరి గ్రంథాలయమునకు ఒక్కసారి పోయి, అచ్చటి చిట్టాను చూడుడు. మీరు కోరు చిత్రముల పేర్లు పది, కాగితముపై వ్రాసి అధికారి చేతికిండు. వ్రాయరానివారు వ్రాయించి వ్రేలిముద్ర వేయుడు. పన్ను కట్టినవారికి అడుగుటకు అధికారము కలదు. అడుగనిదే అమ్మయైనను పెట్టదని మన పెద్దలందురు గదా!