డీరు – మృగము

ఆంగ్లంలో 'డీర్' అనగానే మన కన్నుల ముందు జింక మెదలుతుంది. ప్రాచీనాంగ్లంలో మాత్రం ఆ మాటకు జంతువు, అందునా అడవి జంతువు అని అర్థం. దాని తోబుట్టువైన జర్మన్ 'టీర్' నేటికీ జంతువే. షేక్స్పియరు 'కింగ్ లియర్'లో ఒక పాత్ర చేత ఎలుకలను సైతం డీర్ అనిపించాడు. 'రెయిన్‌డీర్'లోనూ, 'విల్డర్‌నెస్'లోనూ దాగి ఉన్నది ఈ పాత అర్థమే. (మొదటిదానికి వానతో ఏ సంబంధమూ లేదు.)

1066లో నార్మన్లు ఇంగ్లాండును జయించిన పిదప ఫ్రెంచి 'బీస్ట్', అటుపై లాటిన్ 'యానిమల్' వచ్చి ఆ సామాన్యార్థాన్ని ఆక్రమించాయి. రాజులు అడవులను తమ వేటకై కట్టుదిట్టం చేసుకొన్నారు. వేటగానికి జంతువంటే ముందు తోచేది జింక. పాత మాటకు చివరకు అదొక్కటే మిగిలింది. పాత నపుంసకలింగ రూపం గనుక బహువచనంలోనూ, 'షీప్' వలెనే, మార్పు లేదు.

తెలుగు పండితునికి ఇక్కడ మృగశబ్దం గుర్తుకు రాక మానదు. రెండు మాటలకూ చుట్టరికం లేదు, నడక మాత్రం ఒకటే. మృగరాజు సింహం, శాఖామృగం కోతి; మృగనయన అన్నప్పుడు జింక. వేటకు మృగయ అని పేరు. ఆ ధాతువునకే వెదకుట అని అర్థం. తెలుగులో జింక అర్థం మృగశిర, కస్తూరిమృగం వంటి సమాసాలలో నిలిచిపోయి, విడిగా మృగమంటే క్రూరజంతువే అయింది. అర్థసంకోచం భాషకు సహజం. దానితో నాకు తగవు లేదు.

నా తగవు పత్రికలవారి 'మృగాడు'తో. మగాడికి మృగాన్ని అతికించి, ఆడపిల్లపై అఘాయిత్యం జరిగిన ప్రతిసారీ శీర్షికకెక్కిస్తున్నారు. చదువరికి కోపం తీరుతుంది, నిజమే. కాని మృగమన్నంతనే ఆ నేరం ఊరు దాటి అడవికి పోతుంది. చేసినవానికి ఇల్లుంది, ఇరుగుపొరుగుంది, చేస్తున్నదేమిటో ఎరుక ఉంది. తరచు ఆ బిడ్డకు తెలిసినవాడే. జంతువును బోనులో పెడతారు, మనిషినే బోనెక్కించి విచారిస్తారు. తీర్పునకు ముందు నిందితుడు, తరువాత దోషి: ఈ రెండు మాటలూ మనకున్నవే, శీర్షికలో చోటుకూడా ఎక్కువ అడగవు.