ఎరువుకు రెండర్థాలు

తెలుగులో ఎరువు అనే మాటకు రెండర్థాలున్నవి. పొలానికి వేసేది ఒకటి. పొరుగింట్లో అడిగి తెచ్చుకొని మళ్ళీ ఇచ్చివేయవలసినది రెండోది. "ఎరువుల సొమ్ము బరువుల చేటు" అన్న సామెత ఈ రెండో అర్థంలో పుట్టినదే. కాని ఇంట్లో కుండీలు పెంచేవారికి అది మొదటి అర్థంలోనూ చక్కగా వర్తిస్తుంది.

మా సదాశివనగర్‌లో సేద్యగాళ్ళ ఇళ్ళు ఎక్కువ. వసారాలో యూరియా బస్తా, దాని పక్కనే మనీప్లాంటు కుండీ ఉండడం వింత కాదు. అత్తవారింటికి వెళ్ళిన కూతురు నాటిపోయిన తీగె గదా అని, మా పొరుగింటావిడ ఆ బస్తాలోంచి గుప్పెడు తీసి కుండీలో వేసింది. నాలుగు రోజుల్లో ఆకులు మాడినవి.

"పొలానికేస్తే పచ్చగైతది గద సారూ, దీనికేమొచ్చె?" అన్నది కళ్ళనీళ్ళతో.

దానికి వచ్చినది ఆకలి కాదమ్మా, దాహం. మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగినట్లే, మట్టిలో ఎరువు చిక్కబడితే వేళ్ళలోని నీరు బయటికి వచ్చేస్తుంది. యూరియాలో నూటికి 46 పాళ్ళు నత్రజనే. పొలంలో గుప్పెడు ఎంతో దూరం పరుచుకుంటుంది. కుండీలో అది ఎక్కడికి పోతుంది? పచ్చగా మిగిలిన కొమ్మను రెండు కణుపులతో కత్తిరించి సీసా నీళ్ళలో పెట్టమన్నాను. వేళ్ళు దిగినవి.

అసలు ఎరువు మొక్కకు అన్నమే కాదు. వాన్ హెల్మాంట్ అనే ఆయన దరిదాపు 90 కిలోల మట్టిలో చిన్న మొక్క నాటి, అయిదేళ్ళు నీళ్ళు మాత్రం పోశాడు. చెట్టు 77 కిలోలకు పెరిగింది. మట్టి తరిగినది 60 గ్రాములైనా లేదు! 1648లో అచ్చయిన గ్రంథంలో ఉన్నదీ సంగతి. చెట్టు బరువంతా నీటివల్లనే అనుకున్నాడాయన. గాలినీ నీటినీ కలిపి, వెలుతురుతో మొక్క అన్నం వండుకుంటుందని తర్వాత తేలింది. ఎరువు ఆ వంటలో ఉప్పువంటిది. గది మూలన వెలుతురు తక్కువ, వంటా తక్కువే. అక్కడ ఉప్పు పెంచితే ఏం లాభం?

కనుక కొత్త ఆకులు వేసే కాలంలోనే, నీళ్ళలో కరిగే 19-19-19 ఎరువు లీటరుకు ఒక గ్రాము మించకుండా, తడిమట్టిలో, నెలకొకసారి పొయ్యండి. చలికాలంలో ఎదుగుదల ఆగితే మానెయ్యండి. కుండీ అంచున తెల్లని పొర కడితే ఎరువు మిగిలిపోతున్నదన్నమాట. అడుగు చిల్లినుంచి ధారగా కారేదాకా రెండు మూడుసార్లు మంచినీళ్ళు పోసి, పళ్ళెంలో నిలిచిన నీటిని పారబొయ్యండి.

వెలుతురు ఎంతో ఎరువూ అంతే. ఆపైన వేసినదంతా మొక్క నెత్తిన అప్పే.